మూడో మంచం, నాలుగో మంచం, ఒక బొమ్మల పుస్తకం

2022 వానకాలం. మహబూబాబాద్ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆస్పత్రిలో, ఆరు మంచాల డయాలసిస్ యూనిట్‌లో నేను టెక్నీషియన్‌గా చేరి అప్పటికి పది నెలలు. అంతకుముందు జనగామలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పని నేర్చుకున్నాను. పాప పుట్టాక ఇటు వచ్చాం.

మా పని గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. మూత్రపిండాలు పూర్తిగా పాడైనవారి రక్తాన్ని మిషన్ ద్వారా శుభ్రం చేసి, అదనపు నీరు తీసి మళ్లీ ఒంట్లోకి పంపడమే డయాలసిస్. ఒక్కో సెషన్ నాలుగు గంటలు. వారానికి మూడు సెషన్లు. ముంజేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోటును ఫిస్టులా అంటారు. అక్కడ రెండు సూదులు గుచ్చుతాం. ఆ నాలుగు గంటలూ ఆ చెయ్యి కదలకూడదు. కదిలితే ప్రెషర్ మారి అలారం మోగుతుంది. అదనపు నీరు లేనప్పుడు మనిషి ఎంత బరువు ఉండాలో దాన్ని డ్రై వెయిట్ అంటారు. సెషన్ తప్పితే ఆ నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. మొదట కాళ్లలో, తర్వాత ఊపిరితిత్తుల్లో చేరుతుంది.

మూడో మంచం ఎల్లయ్యది. సోమ, బుధ, శుక్రవారాల బ్యాచ్. కేసముద్రం మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు హమాలీగా బస్తాలు మోసిన మనిషి. ఐదో తరగతి వరకు చదివాడు. అతనికి శుక్రవారం ఎగ్గొట్టే అలవాటు ఉండేది. ఎండాకాలంలో ఒకసారి అలాగే ఎగ్గొట్టి, సోమవారం ఊపిరాడని స్థితిలో అంబులెన్స్‌లో వచ్చాడు. ఆ రోజు డాక్టర్ గారు నన్ను పక్కకు పిలిచి, "ఇతని గుండె ఇంకోసారి తట్టుకుంటుందని నేను చెప్పలేను. ఒక్క సెషన్ కూడా తప్పకుండా చూసే బాధ్యత నీది" అన్నారు.

నేను స్వతహాగా భయస్థురాలిని. సూదికి టేపు వేశాక రెండుసార్లు తడిమి చూస్తాను. ఇంట్లో పాప దగ్గితే లేచి ఛాతీ మీద చెవి పెట్టి వింటాను. డాక్టర్ గారు ఆ మాట అన్నప్పటి నుంచి గురువారం రాగానే నాకు ఎల్లయ్య గుర్తొచ్చేవాడు.

"ఎందుకు రావు బాపూ?" అని అడిగాను ఒకసారి.

"బస్త మోస్తే ఆడ దించుకుంటరు బిడ్డా. గిది దించుకునేటోడు లేడు. నాలుగు గంటలు పైకప్పు చూసుకుంట పండాలె. మల్ల ఎల్లుండి రావాలె. ఇంకెన్ని రోజులు?"

పైకప్పు మాట పట్టుకున్నాను. యూనిట్‌లో టీవీ ఉంది కానీ మూడో మంచం నుంచి దాని అంచు మాత్రమే కనిపిస్తుంది. అతని ఫోన్ బటన్ల ఫోన్. పేపరు ఇస్తే ఒక చేత్తో పట్టుకోలేక గుండెల మీద పరుచుకుని పడుకున్నాడు. మా దగ్గర ఆరోగ్య సూచనల కరపత్రం ఒకటి ఉండేది, బొమ్మలతో. అందులో కళ్లూ కాళ్లూ ఉన్న ఒక మూత్రపిండం వేలు చూపిస్తూ ఉప్పు తగ్గించమంటుంది. అది చూసి ఎల్లయ్య, "గీ గుండ్రటోడు గూడ నన్నే తిడుతున్నడా?" అని తిరిగి ఇచ్చేశాడు.

అదే వారం మా ఆయన పాత కాగితాల దుకాణం నుంచి ఒక కట్ట బొమ్మల కథల పుస్తకాలు తెచ్చారు, పాప పెద్దయ్యాక చదువుతుందని. పాపకు అప్పుడు రెండేళ్లు నిండలేదు, ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు. పాత కాగితం దుమ్మని నేను వాటిని రెండు రోజులు ఎండబెట్టి, అట్టలు స్పిరిట్‌తో తుడిచి, ప్లాస్టిక్ అట్టలు వేసి, పాప పేరు రాసి, అప్పటికీ ఇంట్లో ఉంచడానికి మనసొప్పక నాలుగు పుస్తకాలు యూనిట్‌కు పట్టుకెళ్లాను.

"గిది పోరగాండ్ల పుస్తకం. నాకెందుకు?" అన్నాడు ఎల్లయ్య.

"చదవకు బాపూ. బొమ్మలు చూడు. బుద్ధి కాకపోతే పక్కకు పెట్టు."

కథ ఏమంత గొప్పది కాదు. చేలో పడ్డ పశువులను కట్టేసే బందెలదొడ్డి నుంచి తప్పించుకున్న ఒక బర్రె, దాన్ని పట్టుకోవడానికి ఊరంతా తిరిగే ఒక లావుపాటి జమేదారు. ప్రతి కథలోనూ ఆయన ఏదో ఒక దాంట్లో పడతాడు. బర్రె తాపీగా నెమరేస్తూ చూస్తుంటుంది. ఎల్లయ్య అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాడు, పెదాలు కదుపుతూ.

నాలుగో మంచం ద్వాలిది. బయ్యారం దగ్గర ఒక తండా ఆమెది. నలభై ఏళ్లుంటాయి. తెలుగు బాగా మాట్లాడుతుంది కానీ చదవడం రాదు. మెడ చాచి పక్క మంచం మీది పుస్తకంలోకి చూస్తూ ఉండి, హఠాత్తుగా నవ్వింది.

"ఏంది నవ్వుతవు?" అన్నాడు ఎల్లయ్య.

"అన్నా, నువ్వింక అక్షరాల కాడనే ఉన్నవా? వాడు ఎప్పుడో పెంటకుప్పల పడ్డడు."

"జర ఆగు. పడంగ ఏమన్నడో సదవాలె గద. ఊకె పడుడు చూస్తె ఏమొస్తది?"

"పడ్డోడు ఏమంటడు? అమ్మో అంటడు."

ఎల్లయ్య ఇంకో నిమిషం తంటాలు పడి, తల ఎత్తి చాలా గంభీరంగా చెప్పాడు. "అమ్మో అనలే. 'నేను పడలే, కూసున్న' అన్నడు."

ద్వాలి ఎంత నవ్విందంటే సూదులున్న చెయ్యి ఊగిపోయి అలారం మోగింది. నేను పరుగెత్తుకు వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. వెనక నుంచి మూడో మంచం అలారం కూడా మోగింది. ఆ యూనిట్‌లో నవ్వు వల్ల అలారం మోగడం నేను అదే మొదటిసారి చూశాను.

తర్వాతి సెషన్ నుంచి ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. పుస్తకం ఎల్లయ్య మంచం అంచున, ద్వాలికి కూడా కనిపించేలా. ఆమె ముందు బొమ్మ చూసి ఏం జరిగిందో చెప్పేది. అతను మాటలు చదివి, పుస్తకం భాషను తన భాషలోకి మార్చి, ఆమె ఊహ తప్పని నిరూపించేవాడు. ఒక్కోసారి ఆమెదే సరైనదయ్యేది. అప్పుడు అతను "మల్ల చూస్త ఆగు" అని ఇంకోసారి చదివేవాడు. ఆరు వారాల్లో ఎల్లయ్య ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు.

అంత చిన్న పుస్తకంలో ఏముందా అని నేను కూడా తీరిక చూసుకుని చదివాను. పలచగా ఉంటుంది, ఒక చేత్తో తిప్పొచ్చు. నిదానంగా చదివేవాడికి తొందర పెట్టదు, చదవడం రానివారిని బయట నిలబెట్టదు. బొమ్మ ఒకటి చెబుతుంది, పక్కన రాసిన మాట ఇంకొకటి చెబుతుంది. ఆ రెండింటి మధ్య తేడా ఎవరికి వాళ్లు కనిపెట్టుకోవాలి, నవ్వంతా అక్కడే ఉంది. ఇంకొకటి కూడా ఉందని నాకు అనిపిస్తుంది. ఆ కథల్లో జమేదారు ఎంత ఎత్తు నుంచి పడ్డా తర్వాతి గడిలో లేచి టోపీ దులుపుకుంటాడు. మా యూనిట్‌లో మంచాలు ఎలా ఖాళీ అవుతాయో రోజూ చూసేవాళ్లకు అది చిన్న విషయం కాదు.

ఆగస్టులో ఒక సోమవారం, కథ సగంలో ఉండగా సెషన్ అయిపోయింది. బర్రె రైలు పట్టాల వైపు వెళుతోంది.

"బిడ్డా, గీ బుక్కు ఇంటికి తీస్కపోదునా? మనుమరాలికి సూపిస్త. బుధారం తెస్త."

"నేను లేకుంట ముందటికి సదవకు అన్నా," అంది ద్వాలి.

"సదవ. ఒక్కన్ని సదివితే ఏం మజా?"

నేను ఇచ్చాను. కానీ ఊరికే ఇవ్వలేదు. "మా పాప పుస్తకం బాపూ, పైలం. మూల మడవొద్దు, తడవొద్దు. చింపితే మల్ల ఇయ్య" అన్నాను. తలుపు దాకా వెళ్లాక మళ్లీ అన్నాను. అతను చెప్పులు వేసుకుంటుంటే ఇంకోసారి అన్నాను. అందరికీ అన్నీ అలాగే మూడుసార్లు చెప్పడం నా అలవాటు.

బుధవారం ఎల్లయ్య రాలేదు.

రాని పేషెంటుకు ఫోన్ చేయడం మా డ్యూటీలో భాగం. అడగాల్సిన ప్రశ్నల జాబితా ఉంటుంది. అతని భార్య యాదమ్మ ఎత్తింది. జ్వరమా, వాపు ఉందా, నీళ్లు ఎన్ని తాగుతున్నాడు, పండ్లు తిన్నాడా, అన్నీ అడిగాను. అన్నిటికీ ఆమె నసుగుతూ, "కొంచెం జరం బిడ్డా, శుక్కురారం వస్తడు" అంది. చివర్లో నేను, "మళ్లీ తప్పితే డాక్టర్ సార్ కోపం చేస్తడు" అని కూడా అన్నాను.

శుక్రవారం ఉదయం బ్యాచ్ మొదలై గంట అయినా మూడో మంచం ఖాళీగానే ఉంది. బయట ముసురు. నేను మళ్లీ ఫోన్ చేస్తే అదే జవాబు, జ్వరం. పెట్టేయబోతుంటే ద్వాలి, "సిస్టరూ, గా ఫోన్ నాకియ్యి" అంది. స్పీకర్ పెట్టి ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను.

"వదినా, అన్నను అడుగు. బర్రె దొరికిందా, రైలు కింద పడ్డదా? నేను మూడొద్దుల సంది గదే పరేషాన్ల ఉన్న."

యాదమ్మ గొంతు మారింది.

"ఏం బర్రె అక్కా. గా బుక్కు తోటే మాకు పెద్ద లొల్లి అయ్యింది. సోమారం పొద్దుమీకి మనుమరాలు గుంజింది, నడిమికి చినిగింది. గంజి పెట్టి అతికిచ్చి దండెం మీద ఆరేసిండు. ముసురు ఇడుస్తలేదు, అది ఆరుతలేదు. ఆరినంక తీస్కొనే పోత, సిస్టరమ్మ మూడుసార్లు పైలం అని చెప్పింది, ఏం ముఖం పెట్టుకొని పోవాలె అని కూసున్నడు. జరమని చెప్పుమన్నడు."

ఫోన్ నా వైపు తిప్పుకున్నాను. "అమ్మా, ఊపిరి ఎట్ల ఉంది?" అన్నాను.

"పండుకుంటే ఆడుతలేదు. రాత్రంత గోడకు ఒరిగి కూసున్నడు."

పడుకుంటే ఊపిరాడకపోవడం అంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని. ఆ ఒక్క ప్రశ్న నేను బుధవారం అడగనే లేదు.

"తడి బుక్కే తేండ్రి. చినిగిందే తేండ్రి. ఇప్పుడే ఆటో ఎక్కుండ్రి," అన్నాను. "నేను ఏమన్న అంటే డాక్టర్ సార్‌కు చెప్పుండ్రి."

గంటన్నరకు వచ్చారు. ఎల్లయ్య పెదాలు నల్లబడ్డాయి. బరువు చూసే మిషన్ మీద నిలబడే ఓపిక లేదు. ఆక్సిజన్ పెట్టి, కూర్చోబెట్టే సూదులు వేశాం. డాక్టర్ గారు మంచం పక్కనే నిలబడ్డారు. ఎల్లయ్య రెండో చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. బీపీ పట్టీ కట్టడానికి అది వదలమంటే నా వైపు చూశాడు.

"ఖరాబు చేసిన బిడ్డా," అన్నాడు, మాటకూ మాటకూ మధ్య ఆగుతూ.

"పోనీ బాపూ. అది కాయితం."

ద్వాలి సెషన్ అయిపోయింది. ఆమె బయ్యారం బస్సు వెళ్లిపోయింది. అయినా వరండాలో బెంచీ మీదే కూర్చుంది. మూడున్నర గంటల తర్వాత ఎల్లయ్య వెనక్కి వాలి, ఊపిరాడుతోందని చేత్తో సైగ చేశాడు. అది చూశాక ఆమె లేచి, అద్దం తలుపు దగ్గరికి వచ్చి, "నీ గంజి నీకే తాగిస్త, నిమ్మలం గానీయ్" అని వెళ్లింది. ఒంట్లో చేరిన నీరంతా ఒకేసారి తీయకూడదు. శనివారం ఇంకో సెషన్ పెట్టి మిగతాది తీశాం. గుండె తట్టుకుంది.

సోమవారం నుంచి మళ్లీ మూడో మంచం, నాలుగో మంచం. పుస్తకం ఆరింది కానీ గంజి ఎక్కువై చివరి రెండు పేజీలు ఒకదానికొకటి అట్టలా అతుక్కుపోయాయి. ఆవిరి పట్టి విడదీస్తానన్నాను. ఇద్దరూ వద్దన్నారు. బర్రె రైలెక్కిందని ద్వాలి, బర్రే జమేదారును తన వీపు మీద ఎక్కించుకుని స్టేషన్‌కు తెచ్చిందని ఎల్లయ్య. ఆ గొడవ రెండు వారాలు సాగింది.

చాలా రోజులు నేను దీన్ని ఒక మంచి ఉపాయం కథగా తోటివాళ్లకు చెప్పుకున్నాను, బొమ్మల పుస్తకంతో పేషెంటును రప్పించానని. అది సగమే నిజం. పుస్తకం అతన్ని ఆరు వారాలు తీసుకొచ్చింది. నా జాగ్రత్త అతన్ని నాలుగు రోజులు ఇంట్లో కూర్చోబెట్టింది. మూడుసార్లు చెబితే మూడు రెట్లు భద్రం అనుకునేదాన్ని. విన్న మనిషి ఆ మాటను ఎంత బరువుగా మోసుకెళతాడో ఆలోచించలేదు. నా జాబితాలోని ప్రశ్నలన్నీ ఒంటి గురించే. అతను దాచింది సిగ్గు. కథ ఏమైందని అడిగినప్పుడు మాత్రమే అది బయటపడింది.

ఎల్లయ్య ఇప్పటికీ వస్తున్నాడు. యూనిట్‌లో ఇప్పుడు ఒక అట్టపెట్టె నిండా అలాంటి పుస్తకాలున్నాయి. వాటికి ప్లాస్టిక్ అట్టలు లేవు, ఎవరి పేరూ రాసి లేదు. కొత్త పేషెంటు ఎవరైనా ఇంటికి తీసుకెళతానని అడిగితే పాత మాట నాలుక చివరి దాకా వస్తుంది. దాన్ని ఆపుకుని ఒక్కసారే చెబుతాను: "చినిగినా సరే, బుధవారం రా."