బొంత కింద నా పేరు

ఆ ఎండాకాలం నాకు కాలు ఒక చోట నిలవలేదు. నాందేడ్‌లో డ్రాయింగ్ టీచర్ కోర్సు చివరి ఏడాదిలో ఉన్నాను. ముంబయి, పుణె నుంచి వచ్చిన కళాకారులు మా జిల్లాలోని పాత ఊళ్లలో కొత్తరకం కళల పండుగ పెట్టారు. కంధార్‌లో ఎవరూ ఉండని ఒక పాత వాడాను, అంటే దొరల నాటి పెద్ద ఇంటిని, ఊడ్పించి గదికొకరికి ఇచ్చారు. మా కాలేజీ వాళ్లకు వెనక గది దక్కింది. మాలో బాగా చేసిన ఒక్కరి పనిని పుణె ప్రదర్శనకు తీసుకెళ్తామన్నారు.

ఆ ఒక్కటీ నాదే కావాలని పిచ్చి పట్టింది. గీసిందల్లా చింపాను. మాకు సలహాలివ్వడానికి వచ్చిన పెద్ద కళాకారుడు నా బొమ్మలు చూసి, ఇవి క్యాలెండర్ చూసి దింపినట్టున్నాయి, మీ ఇంట్లోంచి పుట్టింది ఏదైనా తీసుకురా అన్నాడు. ఒళ్లు మండింది. ఆ మంటలోనే నాందేడ్‌లోని మా ఇంటికి పోయి, దండెం మీద ఆరేసి ఉన్న అమ్మ బొంతను సంచిలో కుక్కుకుని వచ్చాను. పాత చీరల ముక్కలూ నాన్న రైల్వే ఖాకీ ముక్కలూ కలిపి అమ్మ కుట్టిన బొంత అది. నేనే కుట్టానని చెప్పాను. గోడకు వేలాడదీసి, కింద మరాఠీలో నా పేరు రాసిన చీటీ అతికించారు.

అమ్మ రెండు రోజులు ఇల్లంతా వెతికింది. పక్కింటామె దండెం మీద నుంచి తీసుకుపోయిందేమోనని ఆమెతో మాటలు కూడా మానేసింది. నేను ఎదురుగా కూర్చుని అన్నం తిన్నానే గానీ నోరు విప్పలేదు.

ప్రదర్శన మొదలైన రోజు గదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గదిలోకి తిరుగుతూనే ఉన్నాను. ఒకాయన గది నిండా ఎండిన చెరువుమట్టి పరిచాడు. ఇంకొకామె పాత తలుపులను తలకిందులుగా నిలబెట్టింది. ఏది ముట్టుకోవచ్చో ఏది ముట్టుకోకూడదో తెలియక జనం తాగేనీళ్ల రంజన్ కుండను కూడా దూరం నుంచే చూసి పోయారు. నవ్వు రావలసిన చోట కూడా నాకు చిరాకే వచ్చింది.

మధ్యాహ్నం బస్సు దిగి అమ్మ వచ్చింది. నేను రమ్మనలేదు. నా బొమ్మలు చూద్దామని తనే బయలుదేరిందట. చెమట తుడుచుకుంటూ మా గదిలోకి వచ్చి, గోడ ముందు ఆగిపోయింది.

"గిది మన బొంత గద బిడ్డా?"

"ఊ."

"ఇంట్ల ఎతికి ఎతికి సచ్చిన గదనే. పక్కింటామెను ఉత్తగనే అనుమానపడితి."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. వెనక్కి జరిగి చూసింది, దగ్గరికి వచ్చి చూసింది. ముఖం వెలిగిపోయింది.

"గింత మంది చూస్తున్రా దీన్ని? ఆ చీటీల ఏం రాసిండ్రు?"

అమ్మ మరాఠీ గలగలా మాట్లాడుతుంది, అక్షరాలు మాత్రం రావు.

"నంబరమ్మా," అన్నాను.

అప్పుడే ఆ పెద్ద కళాకారుడు వచ్చాడు. పుణెకు నా గోధడినే ఎంచుకున్నామని మరాఠీలో గట్టిగా చెప్పాడు. బొంతను వాళ్లు గోధడి అంటారు. ఈ వయసులో ఇంత ఓపికగా కుట్టిన అమ్మాయిని చూడలేదన్నాడు. కుట్టు ఎక్కడ మొదలుపెట్టావని అడిగాడు. నేను నడిమధ్యన వేలు పెట్టాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

అమ్మ నావైపు చూసింది. తర్వాత ఆయనవైపు తిరిగి, తడబడకుండా మరాఠీలోనే చెప్పింది. ఎండకు పిల్ల మరిచిపోయిందనీ, మూల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి రావాలనీ, పిల్ల అట్లాగే కుడుతుంటే తాను పక్కనే కూర్చుని చూశాననీ చెప్పింది.

నాలుగు దెబ్బలు వేసినా ఓర్చుకునేదాన్ని. అది ఓర్చుకోలేకపోయాను. ఇది నేను కుట్టలేదు, మా అమ్మ కుట్టింది అన్నాను. అంతమందిలో నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

ఆయన జేబులోంచి పెన్ను తీసి చీటీ మీద నా పేరు కొట్టేసి, అక్కా అన్నట్టు తాయీ అని పిలిచి, మీ పేరేమిటని అమ్మను అడిగాడు. మా రైల్వే కాలనీలో అమ్మను అందరూ నాన్న ఉద్యోగంతోనో, ఫలానా పిల్ల తల్లి అనో పిలుస్తారు. అమ్మ కాసేపు తడుముకుని తన పేరు చెప్పింది. పుణెకు పంపుతారా అంటే తల అడ్డంగా ఊపింది. పండుగ అయ్యేదాకా ఇక్కడే ఉండనివ్వండి, చలికాలం మాకు కప్పుకోవడానికి కావాలి అంది.

ఇద్దరం బస్టాండుకు నడిచాం. రేపు కాలేజీలో ఎవరి ముఖం ఎట్లా చూడాలి, అదే నా గోల. బస్టాండు దగ్గరపడుతుంటే అమ్మ అడిగింది.

"నాకు ఒక్క మాట చెప్పకపోతివేందే? ఇద్దరం కూసోని నీ పేరు మీద ఇంకోటి కుట్టుకుందుము గద."

అమ్మను అడగాలని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.