వెండిరేకుల మీది పటాలం

సైన్యానికి దుస్తులు కుట్టే కర్మాగారంలో అతను ముప్పై నాలుగేళ్లు దర్జీగా పనిచేశాడు. వీధిలో అందరికీ పటాల మామ. ఇంటి గోడ నిండా పటాలు, పటాల నిండా పటాలం, ఇంక వేరే పేరెందుకని పక్కింటి ఎలక్ట్రీషియన్ తగిలించిన పేరది. భార్యకు మాత్రం ఆ పేరంటే ఒళ్లుమంట.

మొదటి బొమ్మ పాత సామాన్ల కొట్లో దొరికింది. అరచేతిలో ఇమిడే తోలుపెట్టె. మూత తీస్తే గాజు కింద వెండిపూత వేసిన రాగిరేకు. ఎదురుగా పట్టుకుంటే ఏమీ లేదు. కాస్త వాల్చేసరికి నూటపాతికేళ్ల నాటి సిపాయి ఒకడు లేచివచ్చాడు. బుగ్గలకు ఎవరో కుంచెతో లేత ఎరుపు అద్దారు. దర్జీ కళ్లు మొహం మీద నిలవలేదు, కోటు మీదికి జారాయి. బొత్తాలు ఆడవాళ్ల కోటుకున్నట్టు ఎడమవైపు ఉన్నాయి! సైన్యానికి కుట్టినవాడికి ఆ మాత్రం తెలీదా అని రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి ఫోటో స్టూడియో ముసలాయన నవ్వి చెప్పాడు.

"వాడు సరిగ్గానే కుట్టాడయ్యా. ఆ కాలం రేకుల మీద బొమ్మ అద్దంలోలాగా తిరగబడి పడేది. ఇంకోమాట, గాజు తీసి గుడ్డ పెట్టేవు సుమా. దుమ్ముతోపాటు మనిషీ పోతాడు."

ఇరవై ఏళ్లలో ముప్పై ఒక్క బొమ్మలు పోగయ్యాయి. కాలరు చూసి ఏ దళమో, చేతిపట్టీ చూసి ఏ ఏడాదో చెప్పగలిగేవాడు. బూట్ల వెనక కనిపించే ఇనపకడ్డీ అడుగుభాగాన్ని కొడుక్కి చూపించేవాడు. "బొమ్మ పడేదాకా తల కదలకుండా ఆ కడ్డీతో పట్టి ఉంచేవాళ్లురా." ఒక్కగానొక్క కొడుకు ఆ కబుర్లతోనే పెరిగాడు. పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరతానన్నాడు.

"పాలు పట్టింది నేను, పిచ్చి పట్టించింది నువ్వు" అంది భార్య.

అతను నవ్వేశాడు. చేరాక కొడుక్కిచ్చిన కోటు చేతులు పొడవయ్యాయంటే తానే విప్పి సరిచేసి ఇచ్చాడు.

రెండో ఏడాది సరిహద్దులో మందుపాతర పేలింది. పెట్టె వచ్చింది, మేకులు కొట్టేసి. మొహం ఒక్కసారి చూపించమని తల్లి అడిగితే, వెంట వచ్చిన అధికారి నేలచూపులు చూశాడు. "వద్దమ్మా. ఉన్నప్పటి మొహమే గుర్తుంచుకోండి." ఆ మాట వింటూనే, అధికారి కాలరు కుట్టు కర్మాగారంలో తమ వరసలో పడిందేనని దర్జీ కన్ను పట్టేసింది. ఆ కన్ను పొడుచుకోవాలనిపించింది అతనికి.

మూడు నెలలు ఆ గోడవైపు చూడలేదు, అలాగని పటాలు దించనూ లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం బజారు నుంచి వచ్చేసరికి భార్య నేలమీద కూర్చుని ఉంది. చుట్టూ పెట్టెలు, ఊడదీసిన గాజులు. చేతిలో తడిగుడ్డ, దాని కింద మొదటి రేకు.

"ఏం చేస్తున్నావే?"

"తుడుస్తున్నా. కనపడట్లేదా?"

"తుడిస్తే పోతారే వాళ్లు!"

"తెలుసు. లక్షసార్లు చెప్పావుగా. పోనీ. నా బిడ్డ పోలేదా?"

చెయ్యి పట్టుకుని ఆపొచ్చు. అతను ఆపలేదు. సంచీ పక్కన పెట్టి ఎదురుగా చతికిలబడ్డాడు. ఏడుగురు పోయారు. ఎనిమిదో పెట్టె తానే అందుకుని, గాజు తీసి ఆమెకిచ్చాడు. ఆమె తీసుకోలేదు. తడిగుడ్డ అతని ఒళ్లో పడేసింది.

"నువ్వు తుడువు."

అతను గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు. తర్వాత తుడిచాడు. బూడిదరంగు మరకొకటి అడ్డంగా సాగింది, ఆపైన ఉత్త రేకు మిగిలింది. ఆమె గుడ్డ లాక్కుని "చాలు, చాలు" అంటూ బావురుమంది. కొడుకు పెట్టె వచ్చిన రోజున కూడా అలా ఏడవలేదు.

మిగిలిన ఇరవై మూడూ అతను మ్యూజియానికి ఇచ్చేశాడు. అక్కడి గుమాస్తా చీటీలు ముందేసుకున్నాడు.

"పేర్లు?"

"తెలీదు."

"ఊళ్లు?"

"తెలీదు."

"మరి తెలిసిందేంటండీ?"

"కొలతలు తెలుసు" అన్నాడు పటాల మామ. ఛాతీ, భుజం, మెడ, కంటి అంచనాతో ఒక్కొక్కరివీ చెప్పాడు. గుమాస్తా ముందు విసుక్కున్నాడు, తర్వాత ఒక్కొక్కటే రాసుకున్నాడు.

భార్య ఆ మ్యూజియం గడప తొక్కలేదు. ఇంట్లో ఉప్పూ పప్పూ మాటలు తప్ప మరో మాట లేకుండా నాలుగేళ్లు గడిచాయి. అతను ఉద్యోగ విరమణ చేశాక ఒక సాయంత్రం, కిటికీ దగ్గర చొక్కాకు కాజాలు కుడుతుంటే ఆమే అడిగింది.

"నేను మొట్టమొదట తుడిచింది ఎవర్ని?"

"డప్పు కొట్టేవాణ్ని. పెద్దవాడి కోటు తొడిగారు వాడికి. కాలర్లో రెండు వేళ్లు దూరతాయి."

"వయసెంత ఉంటుంది?"

"పదహారు నిండవు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడి కొలతలు కూడా రాయించి రా" అంది.

మర్నాడు వెళ్లాడు. బొమ్మ లేనిదానికి చీటీ కుదరదన్నాడు గుమాస్తా, నియమాలు చూపించి. అతను బతిమాలలేదు. ఒక ఖాళీ చీటీ అడిగి, బల్ల చివర నిలబడి తన చేత్తోనే రాసుకున్నాడు. తర్వాత ఇంకో ఏడు అడిగి, చెరిగిపోయిన మిగతావాళ్లవీ రాశాడు. ఎనిమిదీ చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"రాయించావా?"

"రాశాను" అన్నాడు.