రెండు నిజాలు, ఒక అబద్ధం

మా తమ్ముడు ఐస్ ఫ్యాక్టరీలో క్రషర్ దగ్గర పనిచేస్తాడు. మనిషంత దిమ్మను కొక్కెంతో లాగి మెషిన్ నోట్లోకి తోస్తాడు. పొడైన ఐస్‌ను నేను పారతో చేపల పెట్టెల్లో నింపుతాను. పంతొమ్మిదేళ్లుగా ఇదే మా బతుకు. ఈమధ్య వాడి కుడిచేతి రెండు వేళ్లకు స్పర్శ పోయింది. పోయిన నెల కొక్కెం గుచ్చుకుంటే, ఐస్ ఎర్రబడ్డాకగాని వాడికి తెలియలేదు.

"మేనేజరుకి చెప్పేస్తా అక్కా. భయంగా ఉంది," అన్నాడు.

"నోర్ముయ్! చెబితే మర్నాడే గేటు బయట ఉంటావు. ముగ్గురు పిల్లలకి ఏం పెడతావ్?" అని కసిరాను. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుందని పెద్దలు ఊరికే అన్నారా?

ఈ సోమవారం ఆఫీసు నుంచి ఒకావిడ దిగింది. పనివాళ్ల మధ్య బెరుకు పోగొట్టడానికి ఐస్‌బ్రేకర్ అనే ఆట ఆడిస్తుందట. ఐస్ పగలగొట్టడం మాకే నేర్పడానికి వచ్చింది మహాతల్లి! ఒక్కొక్కరూ తమ గురించి రెండు నిజాలు, ఒక అబద్ధం చెప్పాలి. అబద్ధమేదో మిగతావాళ్లు పట్టుకోవాలి. మేనేజరు కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

తమ్ముడి వంతు వచ్చింది. మేనేజరు వైపే చూస్తూ అన్నాడు: "నాకు ముగ్గురు పిల్లలు. చిన్నప్పుడు నాటకంలో రాజు వేషం వేశాను. నా కుడిచేతి రెండు వేళ్లకి ఏం తగిలినా తెలీదు."

వాడు జన్మలో స్టేజీ ఎక్కలేదు.

"వేళ్లే అబద్ధం!" అని అందరికంటే ముందు అరిచాను. "రాజు వేషం నిజమే, కిరీటం నేనే పెట్టాను!"

అందరూ గొల్లుమన్నారు. "కరెక్టేనా?" అని ఆవిడ అడిగింది.

తమ్ముడు నావైపు చూశాడు. "అంతే మేడమ్. అక్కకి తెలియనిదేముంది?" అని కూర్చున్నాడు. ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం ఒక దిమ్మ క్రషర్ నోట్లో అడ్డంగా ఇరుక్కుంది. కొక్కెం పట్టు దొరక్క, తమ్ముడు చేత్తోనే తోశాడు. వేళ్లు ఎంత లోపలికి వెళ్లాయో వాడికి తెలియడం లేదు. పార విసిరేసి పరిగెత్తి, స్విచ్ ఆపేశాను.

"ఎవరాపారు?" అంటూ మేనేజరు వచ్చాడు.

"నేనే సార్. పొద్దున అబద్ధమాడింది కూడా నేనే. వీడు ఏ వేషమూ వెయ్యలేదు."

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఈలోగా తమ్ముడు గ్లవ్ తీసేసి, చెయ్యి ఆయన ముందు చాపాడు. కళ్లనిండా నీళ్లు.

"ఇంటికి పొమ్మన్నా సరే సార్," అన్నాడు. "ఒక్కసారి చూడండి."