గురివింద గింజల కుండ

బాలవాడి తెరిచిన రోజు ప్రభుత్వం తరఫున నాకు అందినవి ఒక కుర్చీ, ఒక చాప, ఒక చేతిగంట. ఆట వస్తువులు బందరు నుంచి వెనకాలే వస్తున్నాయన్నారు. ఆ వెనకాల ఎంత దూరమో నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ తెలియలేదు. గుడివాడలో మాకు శిక్షణ ఇచ్చిన పెద్దావిడ మాత్రం ముందే చెప్పి పంపారు. "పిల్లల చేతికి వాళ్ళ ఊళ్ళో దొరికేదే ఇవ్వండమ్మా. కొన్న బొమ్మ విరిగితే ఏడుస్తారు. చింతపిక్క పోతే ఇంకోటి వెతుక్కుంటారు" అనేవారు. ఆవిడ మాట మీద నాకు నమ్మకం ఎక్కువ. కొన్న బొమ్మలు ఎలాగూ లేవు కనక నమ్మకం ఇంకాస్త గట్టిపడింది.

ఇది అరవైల మొదట్లో మాట. కోడూరు నుంచి హంసలదీవి వెళ్ళే దారిలో ఒక ఊరు. కాలవ గట్టు మీద తాటాకు పాక వేసి దానికి బాలవాడి అని బోర్డు పెట్టారు. పాకకి ఒక వైపు రైతుల ఇళ్ళు, ఇంకో వైపు మా వాళ్ళ పేట. మా వాళ్ళు అని ఊరికే అనడం లేదు. గూడూరు దగ్గర మా తాత కూడా తోలు పనే చేసేవాడు. మా నాన్న మిషను బడిలో చదువుకుని పంతులయ్యాడు కాబట్టి నేను టీచరమ్మగారిని అయ్యాను. ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు, ఎవరూ నా ముందు అనరు. పాలపొడి పాలు కాచే రోజున రెండు వైపుల పిల్లలూ వచ్చేవారు. తక్కిన రోజుల్లో పేట పిల్లలే ఎక్కువ.

నెల తిరిగేసరికి ఆ పాకని పాత సామాన్ల కొట్టు చేసేశాను. పల్లెకారులు పారేసిన వల బెండ్లు, ఒడ్డున ఏరిన గవ్వలు, దర్జీ దగ్గర అడిగి తెచ్చిన గుడ్డ పీలికలు. కొబ్బరి చిప్పలకి తాళ్ళు కడితే తక్కెడ. తాటి బుర్రలకి పుల్ల గుచ్చితే బండి. బొగ్గు, సున్నం, పసుపు మాకు రంగులు. పిల్లలు గవ్వల్ని చిన్నవీ పెద్దవీ వేరు చేసేవారు, బెండ్లని నీళ్ళలో తేల్చేవారు, తాటి బుర్రల బండి కోసం జుట్లు పట్టుకునేవారు. ఇంత చెత్త ఎక్కడి నుంచి తెస్తారండీ అని బాలవాడి ఆయమ్మ రోజూ సణిగేది. సణుగుతూనే ఊడ్చి, ఏ బుట్టలోది ఆ బుట్టలో సర్దేది. తెల్లారగట్ల ఊరి మోతుబరి ఇంట్లో పాచిపని చేసి, తర్వాత మా దగ్గరికి వచ్చేది ఆవిడ.

అన్నిటికంటే పిల్లలకి ఇష్టమైనవి గురివింద గింజలు. ఎర్రటి ఎరుపు, నెత్తిన నల్లబొట్టు. వాటితో ముగ్గులు వేసేవారు, లెక్క పెట్టేవారు, గుప్పిట్లో దాచి ఎన్నో చెప్పమనేవారు. నోట్లో పెట్టుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పి, నేను పక్కన కూర్చుంటేనే కుండ దింపేదాన్ని. ఆ గింజలు తెచ్చి ఇచ్చేది పేటలోని ఒక తాత. తోళ్ళు నానబెట్టడానికి తంగేడు చెక్క కావాలని ఆయన కంచెల వెంట, గట్ల వెంట తిరుగుతుండేవాడు. ఆయన మనవరాలు మా బాలవాడి పిల్లే. నాలుగేళ్ళుంటాయి, తల్లి లేదు. ఒకసారి ఆ పిల్ల కోసం నేనే అడిగాను. అప్పటి నుంచి కనిపించిన ప్రతి తీగా దులిపి, పంచె కొంగున మూటగట్టి తెచ్చేవాడు. "ఇంకా కావాలా అమ్మా, పిల్లకాయలకి సరిపోతాయా?" అని గుమ్మం బయటే నిలబడి అడిగేవాడు. లోపలికి రమ్మంటే ఒక్కనాడూ రాలేదు.

నూర్పిళ్ళ కాలంలో మోతుబరి ఎద్దు చచ్చిపోయింది. సాయంత్రం దాకా కళ్ళంలో తిరిగిన ఎద్దు, పొద్దుటికి కాళ్ళు బిగదీసుకుని పడుంది, ముక్కులోంచి నల్లటి నెత్తురు. చచ్చిన పశువు తోలు పేటకి చెందడం అక్కడి ఆనవాయితీ. తాత వెళ్ళి, ఇంకో ఇద్దరి సాయంతో ఎద్దుని లాక్కెళ్ళి తోలు తీసుకున్నాడు. వారం తిరక్కుండా దాని జత ఎద్దు కూడా అలాగే పడిపోయింది.

ఆ మర్నాడు ఆయమ్మ వచ్చి చీపురు పట్టుకోకుండా నా దగ్గర చతికిలబడింది.

"అమ్మగారూ, ఆ ఎర్రగింజల కుండ కాలవలో పారేసెయ్యండి."

"ఎందుకు?"

"ఆ గింజల్లో విషం ఉంటదంట కదండీ. నూరి పశువులకి ఎక్కిస్తారంట, తోళ్ళ కోసం. ఆ ముసలాయన కంచెలెంట గింజలు ఏరుతుంటే ఊరంతా చూసిందండి. పొద్దున పెద్దయ్యగారింట్లో అదే మాట. నేను చెప్పానని అనమాకండి."

నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. పిల్లలు లెక్కలు నేర్చుకునే గింజలు! వాటిని నేను ఎందుకు పారేయాలి? పారేస్తే దాచిపెట్టినట్టే కదా. కుండ అక్కడే ఉంటుందని చెప్పాను. ఆయమ్మ నన్ను జాలిగా చూసి లేచి వెళ్ళింది. ఆ రోజంతా గట్టు మీద ఏ చెప్పుల చప్పుడైనా తలెత్తి చూశాను. వాళ్ళు వచ్చింది ఆ మరుసటి రోజు, పిల్లలు చాప మీద గింజలు పరుచుకుని ఉండగా.

మోతుబరి ముందు, వెనక నలుగురైదుగురు రైతులు. ఆయన ఎవరినీ నువ్వు అనే మనిషి కాదు. ఆ మర్యాదకే నాకు ఎక్కువ భయం వేసింది.

"నమస్కారం టీచరమ్మగారూ. పిల్లలకి పాఠం చెడగొడుతున్నాం, ఏమనుకోమాకండి. ఆ గింజలు ఎవరు తెచ్చారండీ?"

"నేనే తెప్పించానండి, లెక్కలు నేర్పడానికి. తాతని అడిగింది నేను. ఆయన తెచ్చినవి ఈ కుండలోనే ఉన్నాయి."

"మీరు అడిగారు, ఆయన తెచ్చాడు. బాగుందండి. తెచ్చినవన్నీ మీకే ఇచ్చాడని మీరెట్లా చెప్పగలరు?"

ఎలా చెప్పగలను? తాత అలాంటి మనిషి కాదండీ అన్నాను. మోతుబరి తల ఊపాడు, నా మాట పక్కన పెట్టేసినట్టు. తర్వాత పంచె సర్దుకుని చాప ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎదురుగా ఉన్నది తాత మనవరాలు. గింజలతో చేప బొమ్మ పేరుస్తోంది.

"ఏం తల్లీ, భలే పెట్టావే! ఇవి ఎవరు తెచ్చారమ్మా?"

అంత పెద్దమనిషి తనతో మాట్లాడడం ఆ పిల్లకి అదే మొదలు. మొహం వెలిగిపోయింది. "మా తాత!"

"అన్నీ టీచరమ్మగారికే ఇచ్చేశాడా?"

"కాదండి! మా ఇంట్లో కూడా బోలెడున్నాయి. చిన్న కుండలో, చూరు కింద!"

నేను నోరు తెరిచేలోపు ఆయన లేచాడు. ఆ పిల్ల తల నిమిరి, నాకు మళ్ళీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వెనకాలున్న మనిషి మా కుండ కూడా పట్టుకుపోయాడు.

ఆ చిన్న కుండ సంగతి నాకు తెలుసు, ఆయన అడిగినప్పుడు కంగారులో గుర్తు రాలేదు. ఇంటి దగ్గర బడి ఆట ఆడుకోవడానికని ఆ పిల్ల తాత చేత అట్టే పెట్టించుకుంది. పరుగున పేటకి వెళ్ళి, చూరు కింద వెతుకుతున్న వాళ్ళకి ఆ ముక్కే చెప్పాను. పిల్లల ఆట కుండ పెట్టి మనిషి మీద ఎంత పెద్ద మాట అంటున్నారని అరిచాను కూడా. "మీ పని మీరు చూసుకోండి టీచరమ్మగారూ" అన్నాడొకడు. తాతని కొట్టలేదు, తిట్టలేదు. ఈ ఏడు కళ్ళం దగ్గర ఆయనకి రావలసిన ధాన్యం కొలిచేది లేదని, ఆదివారం లోపల ఊరు విడిచి వెళ్ళకపోతే పోలీసులకి అప్పగిస్తామని మాత్రం చెప్పారు. ఆయన గుమ్మంలో కూర్చుని అందరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

వాళ్ళు వెళ్ళాకే ఆయన మోచేతికి చుట్టిన గుడ్డ చూశాను. "ఏమైంది తాతా?" అన్నాను.

"చెక్క కొడుతుంటే గీసుకుందిలేమ్మా."

గుడ్డ విప్పించాను. పుండు నడుమ బొగ్గు ముక్కలా నల్లగా ఉంది, చుట్టూ చెయ్యంతా ఉబ్బిపోయింది. ముట్టుకుంటే మనిషి సలసల కాగుతున్నాడు. అంత పుండుకి నొప్పి మాత్రం లేదట. "అదే నాకూ అంతుబట్టట్లేదమ్మా" అన్నాడు. ఆకు పసరేదో వేసుకున్నానని, అదే తగ్గుతుందని చెప్పి మళ్ళీ గుడ్డ చుట్టేసుకున్నాడు.

ఆ చెయ్యి సంగతి ఒక్క పూటలో ఊరంతా పాకింది. విషం నూరిన చెయ్యి కాబట్టి కుళ్ళిందన్నారు. దేవుడే చూపించాడన్నారు. పేటలో వాళ్ళు కూడా ఆయన ఇంటి వైపు వెళ్ళడం మానేశారు. పేట చర్చి ప్రార్థనలో ఒక పెద్ద, పేరు పెట్టకుండా, పాపం దాచుకున్న వారి కోసం కళ్ళు మూసుకుని మరీ ప్రార్థించాడు. ఆమెన్ అనడానికి నాకు నోరు రాలేదు. పేట దాకా ఆ మాట నమ్మిందంటే ఇక ఆ ముసలాయన వైపు నిలబడేది ఎవరు? నేనూ, నాలుగేళ్ళ పిల్లా.

ఇంతలో కాలవ అవతలి ఊళ్ళో కూడా గొడ్లు పడిపోవడం మొదలైంది. అటు వైపు తాత ఎన్నడూ అడుగు పెట్టలేదు. అవనిగడ్డ నుంచి పశువుల డాక్టరు వచ్చి మోతుబరి దొడ్లో ఉన్నాడని ఆయమ్మ చెప్పగానే పిల్లల్ని ఆవిడకి అప్పగించి పరిగెత్తాను. గొడ్లకి సూదులు వేస్తున్నాడాయన. "అయ్యా, ఇవయ్యాక ఒక మనిషిని కూడా చూడండి" అన్నాను. మోతుబరి ఏదో అనబోయాడు. నేను ఆయన వైపు చూడలేదు.

డాక్టరు నాతో పేటకి వచ్చి, తాత చెయ్యి చూసి ముట్టుకోలేదు. "చచ్చిన ఎద్దు తోలు తీసింది ఈయనేనా?" అన్నాడు. అవునన్నాను.

"ఇది దొమ్మరోగం అమ్మా. ఎద్దుల్ని చంపిందీ ఇదే. కోసేటప్పుడు ఈయనకి అంటుకుంది. విషమూ లేదు, పాడూ లేదు. ముందు బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఆలస్యం చెయ్యొద్దు."

మోతుబరి వెనకాలే వచ్చి అంతా విన్నాడు. వెంటనే తన బండి కట్టించాడు, అది నేను కాదనను. తాత మాత్రం బండి సంగతి పట్టించుకోలేదు. ఒళ్ళు తెలియని జ్వరంలో కూడా ఆయనకి అర్థమైంది ఒక్కటే. నా వైపు తిరిగి నవ్వాడు. "అయితే నేను కాదన్నమాట! విన్నారా అమ్మా, నేను కాదంట!" అన్నాడు. అంత సంబరంగా ఆయన మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. కోడూరులో బస్సెక్కే దాకా అదే మాట అందరికీ చెబుతూ వెళ్ళాడట. బందరులో రెండు మూడు రోజులు ఉన్నాడు. ఆ తర్వాత పోయాడని కబురు వచ్చింది.

నూర్పిళ్ళు ముగిశాక ఒక ఉదయం మోతుబరి బాలవాడికి వచ్చాడు. జీతగాడి నెత్తిన బుట్ట నిండా బొమ్మలు. రంగులు వేసిన కొయ్యగుర్రాలు, లక్కపిడతలు, గిలక్కాయలు. పిల్లలు గోల చేస్తూ చుట్టూ మూగారు.

"ఇక ఆ పిక్కలూ గింజలూ ఎందుకండీ, ఇవి పెట్టుకోండి" అన్నాడు. వెళ్ళబోతూ ఆగాడు. ఆయన కంట్లో నీళ్ళు కూడా తిరిగాయి. "ఏం చేస్తాం టీచరమ్మగారూ. ఆ రోజు మీరు ఇంకాస్త గట్టిగా చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. కుండ పట్టుకుపోయిన మనిషి, చూరు వెతికించిన మనిషి, నా నోట్లోంచి మాట సరిగ్గా రాలేదంటున్నాడు! ఇంతలో తాత మనవరాలు పిల్లల్లోంచి తోసుకుని మా ఇద్దరి మధ్యకి వచ్చింది. తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"టీచరమ్మగారు ఏం చెప్పలేదండి. చెప్పింది నేనండి."

ఆయన వంగి, బుట్టలోంచి ఒక కొయ్యగుర్రం తీసి ఆ పిల్లకి అందించాడు. ఆ పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంది. తీసుకోమ్మా అని నేనూ అనలేదు.