సిగరెట్ పెట్టెలో వచ్చిన లక్ష్మీదేవి

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరైనా అలాంటి కబుర్లు మొదలెడితే లేచి వెళ్ళిపోయే రకాన్ని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను, ఏం చేయను?

లండన్‌లో చదువుకునే రోజులవి. ఇంగ్లండ్ అనుకునేరు, కెనడాలో లండన్. కాలేజీలో ఎటు చూసినా మనవాళ్ళే, అద్దెకు గది దొరకడమే గగనం. చివరికి నేనూ, కరీంనగర్ అమ్మాయి లావణ్యా ఒక పాత ఇంట్లో మేడ మీద గదిలో చేరాం. కింద ఓనరు ఎలెన్ ఆంటీ. తొంభై దాటాయి, మెట్లెక్కలేదు.

ఆవిడ దగ్గర అట్టపెట్టెల నిండా చిన్న చిన్న బొమ్మల కార్డులుండేవి. పూర్వం అమ్మకాల కోసం సిగరెట్ పెట్టెల్లో నాటకాల తారల ఫోటోలు పెట్టేవారట. ఆంటీ వాళ్ళమ్మ కూడా స్టేజీ మీద ఆడిపాడిన మనిషే. ఆంటీ చంటిపిల్లగా ఉండగానే పోయింది. ఆమె ఫోటో ఏదో కార్డు మీద వచ్చిందని తెలుసుగానీ, ఏ పేరుతో ఆడేదో తెలియదు. ఊరందరికీ సిగరెట్లు అమ్మిపెట్టిన ఆ మొహం కూతురికి మాత్రం దక్కలేదు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె తరుక్కుపోతుంది.

ఆ చలికాలం ఆంటీ మంచం పట్టింది. “ఒక్కసారి అమ్మని చూసి పోతే చాలు” అంటూ రోజుకో పెట్టె తెరిపించుకుని కార్డులు వెతికేది.

దుమ్ము దులిపి పెట్టమంటే ఒక పెట్టె పైకి తెచ్చుకున్నాం. మర్నాడు చూద్దును కదా, దేవుడి అరలో వెంకన్న పక్కన ఒక కార్డు! కిరీటం, చేతిలో పువ్వు, నుదుట కుంకుమ.

“లక్ష్మీదేవి గదనే. పెట్టెల పడేస్తే పాపం గాదా?” అంది లావణ్య.

“నీ మొహం! రాణి వేషం కట్టిన దొరసాని ఆవిడ. తీసెయ్ ముందు!”

లావణ్య చెంపలేసుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టెలో పెట్టేసింది. నున్నటి కార్డు, మరక కూడా మిగల్లేదు. కోప్పడుతుందని ఆంటీకి ఈ సంగతి చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం మంచు చప్పుడు లేకుండా పడుతోంది. గదంతా పాల రంగు వెలుతురు. ఇద్దరం సూప్ తీసుకెళ్తే ఆంటీ సగం నిద్రలో నవ్వుతోంది. వాళ్ళమ్మ కలలోకొచ్చి, పక్కన కూర్చుని జుట్టు నిమిరిందట.

“నుదుట ఎర్రటి చుక్క ఉంది. ఇదేంటమ్మా అంటే, మేడ మీది అమ్మాయి పెట్టింది అంది.”

సూప్ గిన్నె బల్ల మీద పెట్టేసి లావణ్య వైపు చూశాను. లావణ్య ఏడుస్తూ పైకి పరిగెత్తి ఆ కార్డు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. ఆంటీ చాలాసేపు చూసింది. తర్వాత కార్డు మీద వేలు ఆనించి, “చుక్క ఏది?” అంది.

లావణ్య కుంకుమ భరిణె తెచ్చి మళ్ళీ పెట్టింది. ఆంటీ తన నుదురు కూడా ముందుకు చాపి, చిన్నపిల్లలా “నాకూ” అంది.

ఆ ఫోటో నిజంగా వాళ్ళమ్మదేనా? నాకు తెలియదు. మేం వాదులాడుకున్నది తెలుగులో, అదీ మేడ మీద, తలుపేసుకుని. మంచం దిగలేని మనిషికి ఎలా తెలిసిందో ఈరోజుకీ అంతుపట్టదు. భ్రమ అంటారా, అనుకోండి. ఆంటీ మాత్రం పోయేదాకా ఇంకో పెట్టె తెరవమనలేదు.