హన్మంత్ ఎడమకాలు

ఇబ్రహీంపట్నం డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపిన హన్మంత్‌కు పెద్దగా మిగిలిందంటే పేరే. ఒక్క యాక్సిడెంటు లేదు. పేరుతో పాటు ఎడమ మోకాలి నొప్పి కూడా మిగిలింది. రోజుకు వెయ్యిసార్లు క్లచ్ తొక్కిన కాలు మరి. రిటైరయ్యాక దవాఖానలో చూపిస్తే, ఇక క్లచ్ ఉన్న బండి ముట్టుకోవద్దని డాక్టరు తేల్చేశాడు. ఆ మాట విన్నాక రెండు నెలలు మనిషి మనిషిలా లేడు. బండి నడపని హన్మంత్ ఎవరో ఆయనకే తెలియదు.

అందుకే వెతికి వెతికి క్లచ్ లేని పాత కారు కొన్నాడు. అమ్మినవాళ్ళ డ్రైవరే దాన్ని ఇంటిదాకా తెచ్చాడు. దారిలో అతను "జర చూస్కో అన్నా, దీంట్ల బటన్లు వేరేగుంటయ్" అంటే, "ముప్పై ఒక్క ఏండ్ల సర్వీసు నాది, నాకేం చూపిస్తవ్" అని కిటికీలోంచి వెంచర్ల బోర్డులు చూస్తూ కూర్చున్నాడు. తనకు డ్రైవింగ్ చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమేనని ఆయన లెక్క.

మర్నాడు శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం. ఆలోపే పూజ ముగించి, చక్రాల కింద పెట్టిన నాలుగు నిమ్మకాయలు తొక్కించి బండి కదలాలని భార్య మణెమ్మ పట్టు. కొబ్బరికాయ కొట్టింది, అద్దానికి కుంకుమ బొట్టు పెట్టింది, పళ్ళెం పట్టుకుని పక్క సీట్లో కూర్చుని బెల్టు కూడా పెట్టుకుంది. చూడ్డానికి వాడకట్టు వాళ్ళు నలుగురు చేరారు.

హన్మంత్ తాళంచెవి పెట్టే కన్నం కోసం వెతికాడు. అక్కడ గుండ్రటి బటన్ ఉంది. నొక్కాడు. ఇంజను మాట దేవుడెరుగు, రేడియోలో ఎవరో మామిడితోటకు మందు ఎప్పుడు కొట్టాలో చెప్పడం మొదలుపెట్టారు. మళ్ళీ నొక్కితే లైట్లు వెలిగాయి. ఎడమకాలు అలవాటుగా ముందుకు సాగి, అక్కడేమీ తగలక వెనక్కి వచ్చింది. ఏదో కాడ తిప్పాడు. వైపర్లు లేచి కుంకుమ బొట్టును అద్దమంతా పులిమేశాయి.

"పాత ఓనరు లోపల ఏమన్న పీక్కొని అమ్మిండేమో," అంది మణెమ్మ.

"నువ్వు ఊకో. బండి జర సల్లబడ్డది, అంతే."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఆయన. ఇంకో పది నిమిషాలు అలాగే నొక్కుతూ కూర్చున్నాడు.

పది ఇరవై అయింది. ఎదురింటి మౌనిక ఆదిబట్లలో డ్యూటీకి బయల్దేరుతూ ఆగింది. రెండేళ్ళ కింద ఆ పిల్లకు డ్రైవింగ్ నేర్పింది హన్మంతే. గేరు తప్పినప్పుడల్లా చెరువు అవతలికి వినబడేలా అరిచేవాడు. ఇప్పుడు ఆమె నడిపేది గేర్లు మార్చే పని లేని కారే. గేటు దగ్గరే నిలబడి చూసింది. ఆ చూపే హన్మంత్‌కు ఎక్కువ గుచ్చుకుంది. ఈ బండి కూడా తనకు లొంగకపోతే ఇక ఇంట్లో కుర్చీయే గతి. భయమేసింది ఆయనకు. పరువు పోతే పోనీ అనుకుని అద్దం దించాడు.

"మౌనికా, జర ఇటు రా బిడ్డా. నాకు సమజైత లేదు."

ఆమె కిటికీలోకి వంగింది. "బ్రేకు తొక్కి పట్టి బటన్ ఒత్తు పెద్దబాపు. బ్రేకు మీద కాలుంటేనే స్టార్టయితది. గట్లనే పట్టి ఈ గేరు కాడను డి అక్షరం మీదికి గుంజు. ఇగ కాలు తీస్తే అదే పోతది."

ఇంజను అందుకుంది. రాహుకాలానికి ఐదు నిమిషాలుండగా నాలుగు నిమ్మకాయలూ చితికాయి. మణెమ్మ దండం పెట్టుకుంది.

కాస్త వేగం అందిందో లేదో, ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు రెండో గేరు అడిగింది. ఎడమకాలు క్లచ్ అనుకుని వెడల్పాటి బ్రేకును అడుగంటా తొక్కింది. కారు మొండికేసిన ఎద్దులా నిలబడిపోయింది. బెల్టు పట్టి ఆపింది గాని, లేకుంటే మణెమ్మ నుదురు పగిలేది. పళ్ళెంలోని పసుపూ కుంకుమా ఆమె ఒళ్ళో పడ్డాయి.

హన్మంత్ బండి ఆపేసి దిగాడు. "ఇది నాతోని కాదు. అమ్మేద్దాం," అన్నాడు.

మౌనిక ఉరికొచ్చింది. "నీకు డ్రైవింగ్ రాక కాదు పెద్దబాపు. డిపోళ్ళు నిన్ను రిటైర్ చేసిన్రు గని, నువ్వు గీ కాలును రిటైర్ చెయ్యలే. దాన్ని సీటు కిందికి మడిచి కూసోవెట్టు. బ్రేకు తొక్కాలన్నా రేసు ఇయ్యాలన్నా కుడికాలే చూస్కుంటది."

"మోకాలు గుంజుతుందని రోజూ మొత్తుకుంటడు," అంది మణెమ్మ చీర దులుపుకుంటూ. "తీరా పని లేకుంట కూసోమంటే అది కూసోదాయె."

ముందు నవ్వింది మౌనిక, తర్వాత హన్మంత్. ఎక్కి, ఎడమకాలును చేత్తో పట్టి వెనక్కి మడిచాడు. అది రెండు మూడుసార్లు లేవబోయింది. తొడ మీద ఒక్కటి చరిచాడు. సాగర్ రోడ్డెక్కేసరికి లేవడం మానుకుంది. లారీలు, బస్సులు, అడ్డదిడ్డంగా ఆటోలు, అన్నీ ఆయనకు తెలిసిన లోకమే. బొంగులూరు దాకా వెళ్ళి తిరిగి రావాలని ముందే అనుకున్నారు.

"ఎట్లుంది బండి?" అని అడిగాడు. పూజ కోసం నాలుగింటికే లేచిన మణెమ్మ, ఒళ్ళో కుంకుమతోనే, తల పక్కకు వాల్చి నిద్రపోతోంది.

బస్సులో జనం కునుకు తీస్తే అది డ్రైవరు మీద నమ్మకం. ఏ సర్టిఫికెట్టూ దాని ముందు నిలవదు. హన్మంత్‌కు కళ్ళు చెమర్చాయి. బొంగులూరు వచ్చింది. తిప్పితే కుదుపుకు లేస్తుందని ఆయన బండి తిప్పలేదు, నేరుగా ముందుకే పోనిచ్చాడు.