చేను చూడని పార

నా చిన్నప్పుడు, అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో మూడో తరగతి చదువుతున్న రోజుల్లో, ఏది చూసినా నంబర్లు వేసి రాసుకునే అలవాటుండేది నాకు. మా అపార్ట్‌మెంట్‌కి అరగంట దూరంలో ఒక పాత ఎస్టేట్ ఉంది. వెనకటికి నగరంలోని ఒక సంపన్నుడు వేసవి విశ్రాంతికని అక్కడ బంగళా కట్టుకుని, లాభనష్టాలతో పని లేకుండా, సరదా కొద్దీ చుట్టూ వ్యవసాయం పెట్టాడట. ఇప్పుడది అందరూ వెళ్లి చూసే పార్కు. పక్కింటి ఆంటీ శనివారాలు అక్కడ జీతం లేని గైడ్‌గా పనిచేసేది.

ఒకసారి, వచ్చే శనివారం పనిముట్ల కొట్టం గురించి సందర్శకులకు ఐదు నిమిషాలు నన్నే చెప్పమంది. వారమంతా కూర్చుని పదకొండు పాయింట్లు రాసుకున్నాను. వాటిలో మూడోదంటే నాకు ఎంతో ఇష్టం. కొట్టం గోడ మీది బోర్డులోంచి దింపుకున్నాను: యజమాని రోజూ ఈ పారతో స్వయంగా నేల తవ్వేవాడు.

ఆ శనివారం మా అమ్మమ్మ కూడా వచ్చింది. తెనాలి దగ్గర ముప్పై ఏళ్లు పొలం చేసిన మనిషి. బంగళాని ఒకసారి చూసి ఊరుకుంది కానీ, కొట్టంలోకి రాగానే ఆగిపోయింది. గోడకి ఐదు పారలున్నాయి. యజమాని పారకి ఇత్తడి పేరుపలక ఉంది. ఆంటీని అడిగి, అమ్మమ్మ ఒక్కొక్కదాని కర్ర మీదా అరచెయ్యి పెట్టి చూసింది.

“ఈ పార చేను ముఖం చూళ్ళేదురా నాన్నా,” అంది, ఇత్తడి పలక ఉన్నదాన్ని చూపించి.

“బోర్డ్ మీద ఉంది కదా అమ్మమ్మా! ఐ రోట్ ఇట్ డౌన్!”

“బోర్డేమన్నా మట్టి తవ్విందా? పట్టుకో.”

పట్టుకున్నాను. కర్ర అంచులు ఇంకా గరుగ్గానే ఉన్నాయి, రేకు నిండుగా ఉంది. మిగతా నాలుగింటి రేకులు సగానికి అరిగిపోయాయి. ఒకదాని కర్రలో ఎవరిదో బొటనవేలు ఆని ఆని గుంట పడింది.

ఆంటీ తల పట్టుకుని నవ్వేసింది. “అయ్యో పిన్నిగారూ, మూడేళ్ల నుంచి నేనూ అదే కథ చెప్తున్నానండీ!”

నాకు మాత్రం నవ్వు రాలేదు. జనం వచ్చేస్తున్నారు. మూడో పాయింట్ చదివితే అబద్ధం, తీసేస్తే మిగతా పదింటిలో చెప్పదగ్గదేమీ లేదనిపించింది. ఏం చెప్పనని ఏడుపు గొంతుతో ఆంటీని అడిగాను.

“నువ్వు చూసింది చెప్పు కన్నా. ఎవరన్నా ఏమన్నా అంటే నన్నంటారులే,” అంది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ ఆ పారలు పట్టుకుని చూడమన్నాను. ఒక పెద్దాయన గుంటలో తన బొటనవేలు ఆనించి, ఇది ఎవరి పార అని అడిగాడు. బోర్డులో ఆ పారలతో పనిచేసినవాళ్ల పేర్లు లేవు. నా పదకొండు పాయింట్లలోనూ లేవు.

“ఐ డోంట్ నో,” అన్నాను. చెవులు వేడెక్కాయి. కానీ ఎవరూ నవ్వలేదు. ఇంకాస్త దగ్గరకి వచ్చి, ఆ గుంటను ఒకరి తర్వాత ఒకరు తడిమి చూశారు.

ఇప్పుడు శాంటా క్లారాలో కంప్యూటర్ చిప్‌లు పరీక్షించే ఉద్యోగం నాది. జాబితాలు రాయడం మానలేదు. ప్రతి పాయింట్ పక్కన అది విన్నదో చూసిందో రాస్తాను. అడుగున, తెలియనివాటికి కొంత చోటు వదులుతాను. ఆ చోట రాయడానికి ఏమీ లేకపోతే నాకు అనుమానం వస్తుంది. లేచి వెళ్లి, జాబితా దేని గురించి రాశానో ఆ వస్తువును మళ్లీ చేత్తో పట్టుకుని చూస్తాను.